గంట టేపుకి గంటే

పోయిన వేసవిలో మా బాబాయి ఫోన్ చేసి, "ఒరేయ్ అబ్బాయ్, ఎంపీత్రీ చేయడం నాకూ వచ్చేసింది. ఇక నీ అవసరం లేదు" అన్నాడు. డెబ్భై రెండో ఏట ఈత నేర్చినవాడి గర్వం ఉంది ఆ గొంతులో. మరుసటి వారం తెనాలి వెళ్తే పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. పదిహేనేళ్ల కిందట పిన్ని హార్మోనియం మెట్లు నొక్కుకుంటూ పాడిన మంగళహారతులు అవి. అప్పటి నోకియా ఫోనులో తీసినవి. తిరిగొచ్చేటప్పుడు కారులో పెడితే ఒక్కటీ పలకలేదు. ఇంటికొచ్చి చూస్తే సంగతి తెలిసింది. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉన్న 'ఏఎమ్మార్' చెరిపేసి అక్కడ 'ఎంపీత్రీ' అని కొట్టాడు బాబాయి. మార్పిడి పూర్తయింది!

"మరి మా కంప్యూటర్లో మోగిందిగా?" అని నన్నే నిలదీశాడు. మోగుతుంది. వీఎల్‌సీ లాంటి ప్లేయర్లు బయటి పేరును నమ్మవు. తలుపు తీసి, మొదటి కొన్ని బైట్లు చూసి, వచ్చినవాడెవడో పోల్చుకుంటాయి. కారు స్టీరియోకి అంత ఓపిక ఉండదు. ఇంటి ముందు బోర్డు మార్చినంత మాత్రాన లోపల కాపురమున్నవాళ్లు మారరు బాబాయ్ అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, లోపలున్నవాళ్లని మార్చాలంటే ఏం చేయాలి?" అన్నాడు.

మంచి ప్రశ్నే. అప్పటికి మాత్రం జవాబు చెప్పకుండా పని చేసిపెట్టాను. ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రిస్ బెలార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి బొమ్మలూ బొత్తాలూ ఉండవు. నల్లటి తెరమీద ఒక్క వరుస కొట్టాలి: ఇది తీసుకో, అది చేసిపెట్టు. పదకొండు మంగళహారతులూ మూడు సెకన్లలో అయిపోయాయి. కారులోనూ మోగాయి. పిన్ని మాట స్పష్టంగానే ఉంది, హార్మోనియం మాత్రం ఎవరో పుక్కిలిస్తున్నట్టుంది. ఆ తప్పు మార్పిడిది కాదు. ఏఎమ్మార్ సెల్‌ఫోన్ మాటల కోసం కట్టిన పద్ధతి. సెకనుకు 8,000 నమూనాలే తీస్తుంది. మనిషి గొంతు ఎలా పనిచేస్తుందో ఒక లెక్క దగ్గర పెట్టుకుని, వినబడిన ప్రతి చప్పుడునూ ఆ లెక్కలో ఇరికిస్తుంది. దాని దృష్టిలో లోకంలో ఉన్నవన్నీ గొంతులే. హార్మోనియాన్ని కూడా ఎవరో జలుబు చేసిన మనిషనుకుని అలాగే రాసిపెట్టుకుంది. ఇప్పుడు ఎంత గొప్ప ఫార్మాట్‌లోకి మార్చినా ఆ జలుబు వదలదు. నీళ్ల మజ్జిగను ఇత్తడి గిన్నెలోంచి వెండి గిన్నెలోకి ఒంపితే పెరుగవుతుందా?

బాబాయిని చూసి నవ్వాను గానీ, నేను చేసిన వెర్రిపనుల ముందు ఆయనది పసితనం. 2002లో మా ఇంటికి వచ్చిన కంప్యూటర్‌కు 20 జీబీ హార్డ్‌డిస్క్. సీడీలో నాలుగు నిమిషాల పాట 40 ఎంబీ దాకా తింటుంది. దాన్నే 128 కేబీపీఎస్ ఎంపీత్రీ చేస్తే నాలుగు ఎంబీ లోపే. ఎవరికి ఆశ పుట్టదు? అరువు తెచ్చిన సీడీలన్నీ రాత్రిళ్లు కూర్చుని ఎంపీత్రీలు చేశాను. తర్వాత మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూఎంఏ ఇంకా చిన్నదని ఎవరో అంటే అవన్నీ అందులోకి మార్చాను. కొత్త ప్లేయర్‌కు డబ్ల్యూఎంఏ పడలేదు, మళ్లీ ఎంపీత్రీలోకి. ఒకసారి పిండిన చెరుకును మళ్లీ గానుగలో పెట్టినట్టు ప్రతి మార్పిడిలోనూ ఇంకాస్త రసం పోయింది. చివరికి డిస్కులు చవకయ్యాక, చేసిన పాపం కడుక్కుందామని, ఆ పిప్పినంతా 320 కేబీపీఎస్‌లోకి పెంచాను. ఫైళ్లు లావెక్కాయి. పోయిన రసం రాలేదు. ఇదీ వెండి గిన్నె కథే, కాకపోతే కంప్యూటర్ తెలుసని పేరున్నవాడు చేసింది.

ఇరవయ్యేళ్లలో అలా పోగైన పాటలు 3,812. ఒకసారి లెక్క చూసుకున్నాను, మొదటినుంచి చివరిదాకా విన్నవి రెండు వందలుంటే గొప్ప. మార్చినవాటిలో మిగతావన్నీ పెరిగే గీతగానే చూశాను: 40 శాతం, 70 శాతం, అయిపోయింది. వినాల్సిన అవసరమే రాలేదు. ఇరవై సెకన్లలో ఆల్బమ్ మారిపోతుంటే వినడానికి వ్యవధి ఎక్కడ?

టేపుల దగ్గరే నా ఆటలు సాగలేదు.

నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. తెనాలి చుట్టుపక్కల మాస్టార్లలో సగంమందికి ఆ రోజుల్లో ఉన్న జబ్బే ఆయనకూ ఉండేది, పద్యనాటకాల పిచ్చి. పాండవోద్యోగంలో ఆయనకు ఎప్పుడూ సహదేవుడి వేషమే దక్కేది. నిలబడటం ఎక్కువ, పద్యాలు తక్కువ. పాడలేని ఆ కసినంతా రికార్డు చేయడంలో తీర్చుకున్నాడు. ఆయన పోయాక అటక మీంచి దించిన బూట్ల డబ్బాల్లో 83 క్యాసెట్లున్నాయి. ఎర్రసిరాతో ముచ్చటైన అక్షరాలు: 'ఉద్యోగం, రెండో రాత్రి (రేడియో)', 'ఉషశ్రీ, సుందరకాండ', 'వరవిక్రయం (రేడియో)', 'ఘంటసాల, చెరిపి, కామెంట్రీ'. ఈ చివరిదాని వెనక ఇంట్లో పెద్ద గొడవే జరిగి ఉండాలి. క్యాసెట్ వీపున ఉండే రెండు చిన్న పలకలు విరిచేస్తే ఇక దానిమీద ఎవరూ చెరిపి రాయలేరు. విరిచిన చోట మళ్లీ కాగితం కుక్కి రాసుకున్న ఇల్లు మాది.

క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో బయటపెట్టింది. అందులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. నలభై ఏళ్ల కిందటా అంతే, ఇవాళా అంతే. మీ కంప్యూటర్ ఎంత కొత్తదైనా సరే, గంట టేపును ఫైలుగా మార్చడానికి గంట పడుతుంది. ఎనభై మూడు గంటలు. సెలవు రోజుకు రెండు చొప్పున వేసుకున్నా ఏడాది దగ్గర పడుతుంది. ఈ లెక్క చూశాక తొమ్మిదేళ్లు ఆ డబ్బాల జోలికి పోలేదు. బాబాయి పెన్‌డ్రైవ్ పుణ్యమా అని మళ్లీ దించాను.

మొదటి నెల టేపు రికార్డర్‌తోనే సరిపోయింది. లోపలి రబ్బరు బెల్టు కరిగి తారుముద్దయింది, మార్పించాను. దూదికి స్పిరిట్ అద్ది హెడ్డు తుడిస్తే గోధుమరంగు మడ్డి వచ్చింది. అది మట్టి కాదు, టేపుల మీంచి రాలిన పూత. అంటే కొంచెం నాటకం కూడా దూదికంటింది. హెడ్డు పక్కన చిన్న మర ఉంటుంది. దాన్ని జీలకర్రంత తిప్పితే చాలు, కంబళి కప్పుకుని మాట్లాడుతున్న మనిషి కంబళి తీసేసినట్టు 'స'కారాలూ 'శ'కారాలూ విచ్చుకుంటాయి. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ వేశాక ఒకటే గుయ్యి. తీగలు మార్చాను, ప్లగ్గులు మార్చాను, ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. మూడోరోజు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే గుయ్యి ఆగిపోయింది. రెండు యంత్రాలూ గోడలోంచి ఎర్తు పంచుకుని తమలో తాము 50 హెర్ట్‌జ్‌లో మాట్లాడుకుంటున్నాయన్నమాట.

రికార్డింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. సెకనుకు ఎన్ని నమూనాలు తీయాలన్నది తర్వాతి తగువు. చెవికి అందేవి ఎంత ఎక్కువన్నా 20,000 హెర్ట్‌జ్ దాకా. వాటిని పట్టాలంటే దానికి రెట్టింపుకు కాస్త పైన నమూనాలు తీయాలి, అందుకే సీడీకి సెకనుకు 44,100. నేను చాదస్తంగా 96,000 పెట్టాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. నాన్న టేపుల్లో సగం విజయవాడ ఆకాశవాణివి. మీడియం వేవ్‌లో స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య ఇచ్చే జాగా 9 కిలోహెర్ట్‌జ్. అందులో పట్టే ధ్వని దాదాపు 4,500 దాకానే. ఇంతా చేసి బిందెడు నీళ్లకు నేను చెరువు తవ్వుతున్నాను. 44,100కి దించి, మోనోలో పెట్టాను. గంటకు 317 ఎంబీ. ఆ వేవ్ ఫైలును ఫ్లాక్ చేస్తే సుమారు సగమవుతుంది. ఫ్లాక్‌లో ఏదీ పోదు. మడత పెట్టిన పంచెలాంటిది, విప్పితే మళ్లీ అదే పంచె.

ఇక తప్పించుకునే దారి లేదు, కూర్చోవాలి. లేచి పోవడానికి వీల్లేదు, టేపు చిక్కుకుంటే రీలు మొత్తం కక్కేస్తుంది. 90 నిమిషాల టేపు సన్నన, 120 నిమిషాలది మరీ ఉల్లిపొర. మొదట్లో ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. నాలుగో టేపు నుంచి చెవి అటే పోవడం మొదలైంది.

నాన్న దగ్గరున్నది ఉత్త టేపు రికార్డరు, రేడియో వేరు. రెంటినీ వసారాలో బల్లమీద ఎదురెదురుగా పెట్టేవాడు. రికార్డరుకు ఉన్న మైకు రేడియో ఒక్కదాన్నే వింటుందా, వీధి మొత్తం వింటుంది. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ఉషశ్రీ హనుమంతుణ్ణి మహేంద్రగిరి ఎక్కించేసరికి మా ఇంట్లో కుక్కరు కూసింది. వెంటనే నాన్న గొంతు, "ష్!" ఆ 83 టేపుల్లో ఆయన మాట్లాడింది బహుశా మొత్తం పది నిమిషాలుండదు. తేదీ, కార్యక్రమం పేరు చెప్పడం, ఆ తర్వాత అందరినీ ష్ అనడం.

కరెంటు పోయిన రోజుల్లో బ్యాటరీల మీద నడిపాడు. బ్యాటరీ నీరసిస్తే మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రాసుకున్న టేపును ఇప్పుడు మామూలు వేగంతో తిప్పితే గొంతు పైకి లేస్తుంది. 'రెండో రాత్రి' టేపులో కృష్ణుడు నిద్రలేచి బావలను పలకరించేటప్పుడు గంభీరంగానే ఉన్నాడు. రాయబారానికి బయల్దేరేసరికి మీసాలు పోయాయి. కురుక్షేత్రం దగ్గరపడేకొద్దీ చిన్నవాడవుతూ అవుతూ, చివరికి యుద్ధానికి సిద్ధమైంది బాలకృష్ణుడు. దీన్ని సరిచేయడానికి హార్మోనియమే దిక్కు. టేపు మొదట్లో దాని శ్రుతి ఎక్కడుందో పట్టుకుని, చివర్లో ఎన్ని మెట్లు ఎక్కిందో చూస్తే చాలు. దాదాపు 6 శాతం వేగానికి ఒక మెట్టు. కొంచెం కొంచెంగా దించుతూ పోతే కృష్ణుడికి మళ్లీ వయసొచ్చింది. నా కంప్యూటర్ జీవితంలో ఇంత తృప్తినిచ్చిన పని మరొకటి లేదు.

ఇదే నాటకం బాబాయి దగ్గరా ఉంది, వేరే మిత్రుడు తీసింది. అందులో మొదటి అరగంట లేదు, నాన్న టేపులో మధ్య పది నిమిషాలు తేమకు అంటుకుపోయాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకటి చేస్తుంటే సీపీ బ్రౌన్ గుర్తొచ్చాడు. కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి ఊరూరి నుంచి తెప్పించిన తాళపత్ర ప్రతులు పోల్పించి శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను అలాగే ఏరి 1829లో అచ్చు వేయించాడు. ఆ రాయసగాళ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. గ్రంథం చివర, నేను చూసిన ప్రతిలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పులుంటే నన్ననకండి అని ఒక మొర పెట్టుకునేవాళ్లు. ఎంపీత్రీ చేసే సాఫ్ట్‌వేర్లన్నీ ఆ మొర పెట్టుకుంటే బాగుండునని నాకు అనిపిస్తుంది, కాకపోతే అవి చూసింది చూసినట్టు రాయవు. అను ఫాంట్లలో దాచుకున్న పాత వ్యాసాలు యూనికోడ్‌లోకి మార్చుకున్న రచయితలను అడగండి. ఒత్తులు ఎగిరిపోయి, పక్క అక్షరానికి దీర్ఘాలు తగులుకుని, మార్పిడి అంటే ఏమిటో వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు ఎంపీత్రీ విషయానికి రావాలి, ఎందుకంటే గొడవంతా దానివల్లే వచ్చింది.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు, "అన్నయ్యా, అంత పెద్ద ఫైళ్లు నాకెందుకు, చిన్నవి చేసి వాట్సాప్‌లో పెట్టు" అంది. నిజమే కదా అని 'రెండో రాత్రి' మొదటి గంటను 24 కేబీపీఎస్‌కి దించాను. 317 ఎంబీ కాస్తా 11 ఎంబీ లోపుకొచ్చింది. పంపేముందు అమ్మకు వినిపించాను. అమ్మకు డెబ్భై ఆరు. అప్పటికి వారం కిందటే ఫ్లాక్‌లో ఉన్నది విని ఉంది. వంటింటి గడప మీద కూర్చుని పావుగంట విని, "ఇందులో వంకాయలవాడు లేడేం?" అంది.

"ఏ వంకాయలవాడమ్మా?"

"పొద్దున్నే వచ్చేవాడు కాదూ, బుట్టవాడు. ఆ పద్యం మధ్యలో అరుస్తాడు. మొన్న విన్నాను. కిలో రెండు రూపాయలు చెప్పాడు. నేను లేవబోతే మీ నాన్న లేవనివ్వలేదు."

మళ్లీ ఫ్లాక్ పెట్టాను. పద్నాలుగో నిమిషంలో, కృష్ణుడు రాగం లాగుతుండగా, అడుగున, నిజంగానే ఉన్నాడు. నేను అదే టేపును రికార్డు చేసేటప్పుడొకసారి, సరిచేసేటప్పుడు మూడుసార్లు విన్నాను. నా చెవికి ఎప్పుడూ తగల్లేదు. ఆడాసిటీలో ధ్వనిని బొమ్మగా చూపించే ఏర్పాటుంది. అందులో చూస్తే కృష్ణుడు 4,500 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయాడు. వంకాయలవాడి కేక ఆ గోడ దాటి పైకి లేచింది. ఆలోచిస్తే సబబే. కృష్ణుడు విజయవాడ నుంచి మీడియం వేవ్ మీద వచ్చాడు. వీడు వీధిలోంచి మైకు దగ్గరికి నేరుగా వచ్చాడు. దూరాన ఉన్నా వాడి గొంతుకే నిగనిగ ఎక్కువ.

మరి ఎంపీత్రీలో ఏమయ్యాడు? జర్మనీలో ఎర్లాంగెన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పనిచేసి తెచ్చిన పద్ధతి అది. 1995 జులై 14న ఆ ఫైళ్లకు 'ఎంపీత్రీ' అన్న తోక ఖాయం చేశారు. దాని కిటుకంతా చెవి బలహీనత మీదే. పెద్ద చప్పుడు పక్కన, దాని శ్రుతికి దగ్గరలో, చిన్న చప్పుడు మోగితే చెవి దాన్ని పట్టించుకోదు. పట్టించుకోనిదాన్ని రాయడమెందుకు? రాయరు, లేదా గీకినట్టు రాస్తారు. ఇచ్చిన చోటు మరీ తక్కువైతే పై స్థాయి ధ్వనులను ముందే కత్తిరిస్తారు. బ్రాండెన్‌బుర్గ్ తన పద్ధతిని సానపట్టడానికి మళ్లీ మళ్లీ విన్నవాటిలో ఒకటి సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్'. వెనక వాద్యమేదీ లేని ఒంటరి గొంతు. అలాంటిదే కష్టం, దాని చాటున ఏదీ దాచలేరు. మన నాటకంలో దాచడానికి కావలసినంత చాటుంది. కృష్ణుడి రాగం చాటున వంకాయలవాడి కింది గొంతు పోయింది, పై గొంతు కత్తెరకు పోయింది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. పద్యం వినేవాడికి వంకాయలు వినబడవని అది అనుకుంది. నాకూ వినబడలేదు కదా.

ఇంకో విచిత్రం చప్పట్లు. పద్యం అయ్యాక 'వన్స్ మోర్' కేకలతో పాటు చప్పట్లు రేకుల కప్పు మీద వానలా పడతాయి. 24లో అవి వాన కావు, మురిక్కాలవ. ఒకదానితో ఒకటి పోలిక లేని వెయ్యి చిన్న చప్పుళ్లంటే ఈ పద్ధతులన్నింటికీ గండం. టేపు బుస కూడా అంతే. అందులో ఒక వరసా వాయీ ఉండదు కాబట్టి మడత పెట్టడానికి లొంగదు. ఫ్లాక్‌లో కూడా చోటు బాగా తినేది ఆ బుసే. ఎవరికీ అక్కర్లేనిదాన్ని దాచడానికే ఎక్కువ ఖర్చవుతుందని తెలిసి, ఆడాసిటీలో బుస తీసేసే ఏర్పాటు వాడి చూశాను. ఎవరూ మాట్లాడని ఒక రెండు సెకన్లు చూపించి, ఇదీ చెత్త అని చెబితే, మొత్తం టేపులో అలాంటిదంతా ఊడ్చేస్తుంది. తీరా చూస్తే నేను చెత్తగా చూపించిన ఆ రెండు సెకన్లలో వసారాలో తిరిగే ఫ్యాను ఉంది. ఊడ్చాక పద్యాలు శుభ్రంగానే వచ్చాయి గానీ, కృష్ణుడు గాలి ఆడని గదిలో, ఎవరూ లేనిచోట పాడుతున్నట్టనిపించింది. వెనక్కి తీసుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది.

చెల్లెలికి ఏం పంపాలన్నది నాలుగు రోజులు తేలలేదు. అమ్మ మాత్రం, "దానికేం, అదప్పుడు ఊయల్లో ఉంది, దానికి వంకాయలవాడు తెలీడు, చిన్నదే పంపు" అంది. ఆ మాటలో న్యాయముంది. ఎవరి చెవికి చేస్తున్నామో తెలిస్తే ఎంత పోగొట్టవచ్చో తెలుస్తుంది. అయినా మనసొప్పక 64కి పెంచి చేశాను. జాగ్రత్తగా వింటే వాడు ఉన్నాడు, కొంచెం గొంతు బొంగురుపోయి. చెల్లెలు విని, "కుక్కరు కూత భలే ఉంది" అని రాసింది. ఎవరి కర్మ వారిది.

అప్పటినుంచి పద్ధతి మారిపోయింది. టేపు పెట్టేముందు అమ్మను పిలుస్తున్నాను. నేను తెరమీద ముల్లు ఎరుపు దాకా పోకుండా చూసుకుంటాను. డిజిటల్‌లో ఆ గీత దాటితే క్షమించదు, పద్యం నడినెత్తిన కొడవలి పెట్టి కోసినట్టుంటుంది. అమ్మ అడుగున ఉన్నవి వింటుంది. ఎదురింటి మిషను కుట్టు చప్పుడు, బావిగిలక, ఎవరో అడిగిన టైము, "అదిగో, మీ మామ్మ దగ్గు." నాకు నాటకం, ఆమెకు వీధి. ఒకే టేపును రెండు చెవులు రెండుగా వింటున్నాయి. విన్నవన్నీ నిమిషం, సెకనుతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఫైలు పేర్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు తెలుసు, బావిగిలక ఎక్కడుందో తెలియదు.

3,812 పాటల సంగతి అడగొద్దు. అలాగే ఉన్నాయి.

మొన్న ఆదివారం నలభై రెండో టేపు. దీనికి పేరు లేదు. ఎర్రసిరా లేదు, తేదీ లేదు, పలకలు విరవలేదు. హెడ్డు తుడిచి, ఛార్జర్ పీకి, రికార్డు నొక్కాను. బుస. ముల్లు సున్నాకు కాస్త పైన వణుకుతోంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అంతే. ఖాళీ టేపు కాబోలు. నాన్న ఒక్కోసారి టేపు మధ్యలోంచి కూడా మొదలుపెట్టేవాడు, అందుకని ముందుకు తిప్పబోయి ఆగాను. ముందుకు తిప్పితే ఎక్కడుందో దొరకదు.

అమ్మ గోరుచిక్కుళ్ల పళ్లెం పట్టుకుని వచ్చింది.

"ఏం వస్తోంది?"

"ఇంకా ఏం రాలేదమ్మా."

"ఎంతసేపుంది?"

"ఇటువైపు ఇంకో ఇరవై నిమిషాలు."

"సరే, ఆ స్టూలు ఇలా జరుపు" అని కూర్చుని, ఒక కాయ అందుకుని, ఈనె తీయడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు అడ్డమొస్తుందేమోనని నా వైపు ఒకసారి చూసింది. మనం మాట్లాడుకోవచ్చు, ఇది తీగలోంచి వస్తోంది, గదిలో చప్పుడు దీనికి ఎక్కదు అన్నాను. అయినా నెమ్మదిగానే తుంచుతోంది.